ట్యాబ్ నెమ్మదిగా పనిచేస్తోందా? ప్రాసెసర్ వేగం పెంచే ముందు ఇవి చూడండి

పిల్లల చదువు కోసం కొన్న చౌక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఇప్పుడు సేద్యానికీ ఉపయోగపడుతున్నాయి. మేఘదూత్‌లో వాతావరణ సూచనలు చూడడానికి, తెగులు సోకిన మిర్చి ఆకు ఫోటో పంపడానికి, పీఎం కిసాన్ ఈ-కేవైసీకి రైతులు వీటినే వాడుతున్నారు.

గత వేసవిలో ముక్త్యాల రైతు ఒకరు మధ్యాహ్నం చేలో నిలబడి, ముఖం చూపించి ఈ-కేవైసీ చేస్తుంటే ట్యాబ్ మూడుసార్లు ఆగిపోయింది. వీడియో చూసి వాళ్లబ్బాయి ప్రాసెసర్ వేగం పెంచుదామని ట్యాబ్‌ను రూట్ చేశాడు. పొలం ఫోటోలన్నీ పోయాయి, బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. చివరకు కామన్ సర్వీస్ సెంటర్లో వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేసుకున్నారు. అసలు లోపం ప్రాసెసర్‌లో లేదు. ట్యాబ్ ఎండకు కాగింది, స్టోరేజ్ నిండిపోయింది.

ట్యాబ్ ఎందుకు నెమ్మదిస్తుంది?

ప్రాసెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో నడవదు. పని ఎక్కువైతే వేగం పెంచుకుంటుంది, పని లేకపోతే తగ్గించుకుంటుంది. బాగా వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లోడు ఎక్కువైనప్పుడు మోటారు స్టార్టర్‌లో రిలే ట్రిప్ అయినట్టే ఇదీ. రిలేను కట్టేసి మోటారు నడిపితే కాయిల్ కాలుతుందని మీకు తెలుసు. ట్యాబ్ విషయంలోనూ అంతే.

చేయవలసినవి

• నీడలో వాడండి. 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడవద్దని చాలా కంపెనీలు సూచిస్తాయి. మన వేసవిలో ఈ-కేవైసీ వంటి పనులు ఉదయం పూట ఇంట్లోనే చేసుకోవడం మంచిది.
• కాగిన ట్యాబ్‌ను ఛార్జింగ్‌కు పెట్టవద్దు. కవరు తీసి నీడలో చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, లోపల తేమ చేరుతుంది.
• స్టోరేజ్ ఖాళీ చేయండి. 32 జీబీ ట్యాబ్‌లో కనీసం 4 జీబీ ఖాళీ ఉండేలా చూసుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' తెరిచి, 'మేనేజ్ స్టోరేజ్' నొక్కితే పెద్ద వీడియోలు కనిపిస్తాయి. అక్కర్లేనివి తీసేయండి. పొలం ఫోటోలు ముందుగా మెమరీ కార్డులోకి మార్చుకోండి.
• ముఖ్యమైన పని చేసేటప్పుడు బ్యాటరీ సేవర్ ఆపండి. చాలా ట్యాబ్‌లలో అది ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది.
• సెట్టింగ్స్‌లోని 'యాక్సెసిబిలిటీ'లో 'రిమూవ్ యానిమేషన్స్' ఉంటే ఆన్ చేయండి. దీనివల్ల ప్రాసెసర్ వేగం పెరగదు గానీ తెర త్వరగా మారుతుంది.
• కొన్ని ట్యాబ్‌లలో 'పెర్ఫార్మెన్స్ మోడ్' ఉంటుంది. అవసరమైన కాసేపు, నీడలో మాత్రమే వాడి మళ్లీ మామూలు స్థితికి మార్చండి.
• వారానికి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

చేయకూడనివి

• 'బూస్టర్', 'కూలర్' అని వచ్చే యాప్‌లు వేసుకోవద్దు. అవే వెనుక నడుస్తూ మెమరీని తింటాయి.
• రూట్ చేయవద్దు, చేయించవద్దు. ట్యాబ్ లాక్ తెరిచేటప్పుడు సాధారణంగా అందులోని డేటా అంతా చెరిగిపోతుంది. వారంటీ పోవచ్చు. డబ్బు చెల్లించే యాప్‌లు పనిచేయకపోవచ్చు.
• 'డెవలపర్ ఆప్షన్స్' తెరిచి తెలియని సెట్టింగులు మార్చవద్దు. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ట్యాబ్ కొత్త యాప్‌లకు చాలడం లేదని అర్థం. ఐదు హెచ్‌పీ మోటారుతో పది హెచ్‌పీ నీళ్లు తోడలేం కదా! అలాంటప్పుడు ఒకటి రెండు యాప్‌లు మాత్రమే ఉంచుకోండి.

పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు ట్యాబ్ ఆగిపోయిందని ఆగకూడదు. ఈ-కేవైసీని చివరి రోజు దాకా ఉంచకండి. ట్యాబ్ మొరాయిస్తే ఆధార్ కార్డు తీసుకుని దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.