మంచు కురిసే వేళ సరస్సుకు వరద ఎలా వస్తుంది?

పోయిన చలికాలంలో ఒక తండ్రి మా బడికి వచ్చి ఫోను మా చేతికిచ్చారు. అమెరికాలోని బఫలో నగరంలో చదువుకుంటున్న కొడుకు పంపిన సందేశం అందులో ఉంది: ‘లేక్‌షోర్ ఫ్లడ్ వార్నింగ్’. “అక్కడ వాన లేదు, మంచు కురుస్తోందంటున్నాడు. మరి వరదేమిటి సార్?” అని అడిగారాయన. మాకెవరికీ వెంటనే జవాబు తోచలేదు. మన దగ్గర వరదంటే వాన పడాలి, లేదా చెరువుకు గండి పడాలి. తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మన దాతల పిల్లలు కూడా ఆ సరస్సుల ఒడ్డున ఉన్న ఊళ్లలో చదువుతూ, ఉద్యోగాలు చేస్తూ ఉండవచ్చు కదా.

బఫలో ఈరీ సరస్సుకు తూర్పు కొసన ఉంది. ఆ సరస్సు పొడవు సుమారు 388 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం 19 మీటర్లే. అమెరికా, కెనడాల మధ్యనున్న అయిదు మహా సరస్సుల్లో దీనికంటే లోతు తక్కువది లేదు. అది నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉంటుంది. చలికాలపు తుపానుల్లో పెనుగాలి తరచూ ఆ దారినే వీస్తుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి ఒక అంచు నుంచి గట్టిగా ఊదండి, నీరు అవతలి అంచుకు చేరుతుంది. అక్కడా జరిగేది అదే. పడమటి కొసన టొలీడో దగ్గర నీరు వెనక్కి పోయి అడుగు బయటపడుతుంది, బఫలో దగ్గర కొన్ని గంటల్లోనే అడుగుల లెక్కన పెరుగుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను మనం మరచిపోలేం. ఇది మంచినీటి ఉప్పెన అనుకోవచ్చు.

గాలి తగ్గినా పని అయిపోదు. పోగుపడిన నీరు వెనక్కి వెళ్లి, తొట్టిలో నీళ్లు ఊగినట్టు, అటూ ఇటూ ఊగుతుంది. దీన్ని ‘సేష్’ అంటారు. ఒక ఊపు వెళ్లి తిరిగి రావడానికి దాదాపు 14 గంటలు పడుతుంది. 1844 అక్టోబరులో బఫలో దగ్గర నీరు 14 అడుగుల గోడను దాటి వచ్చింది. 78 మంది చనిపోయారు.

సరస్సు గడ్డకట్టిన ఏడు ఒడ్డుకు కొంత రక్షణ ఉంటుంది, మంచు పలక మీద అలలు లేవవు. గడ్డకట్టకపోతేనే భయం. 2020 ఫిబ్రవరి చివర బఫలోకు దక్షిణాన హూవర్ బీచ్‌లో అలల తుంపర ఇళ్ల మీద పడి అక్కడికక్కడే గడ్డకట్టింది. తలుపులు, కిటికీలు మంచు కింద మూసుకుపోయాయి. 2022 డిసెంబరు 23న మొదలైన తుపానులో ఒడ్డున వరద, ఊళ్లో మంచు ఒకేసారి వచ్చాయి. ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా మరణించారు. ఎక్కువమందిని తీసుకుపోయింది నీరు కాదు, చలీ మంచూ. అందుకే ఒడ్డున ఉన్నవారు గాలి ముదరకముందే కదలాలి. రోడ్లు మూసుకుపోయాక సాయం చేయడానికి వచ్చే బండి కూడా రాలేదు.

ఇదంతా ఆ తండ్రికి చెప్పాం. ఆయన అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేసి, “మీ ఇంటికి సరస్సు ఎంత దూరం బేటా?” అని అడిగారు. నాలుగు మైళ్లట, పై అంతస్తట. “సరే, రేపటి దాకా కారు తియ్యకు, రొట్టె, మందులు ఉన్నాయో లేదో చూసుకో” అని చెప్పి, అప్పుడు మా దగ్గర కూర్చుని టీ తాగారు.