రహదారియు, నగరమును, రైతును

“మన పొలములమీదుగా పెద్ద రోడ్డు పడబోవుచున్నదట!” అను మాట గ్రామమున పుట్టినంతనే రచ్చబండయొద్ద జనులు రెండు తెగలగుదురు. ఇక తమ దశ తిరిగినదని సంతసించువారు కొందరు. తాతలనాటి చేను పోవునని వగచువారు కొందరు. ఈ రెండు మాటలలోను కొంత నిజము గలదు. రహదారి వెంబడి నగరము పెరుగుననుట అందరు నెరిగినదే. కాని యా పెరుగుదల యే రీతిని జరుగును? దాని లాభమెవరికి చెందును? దాని నష్టమెవరు భరింతురు? మన సంఘసభ్యులు ముందుగా యోచింపవలసిన విషయములివి. ఒక్క రహదారిని ఉదాహరణముగా గైకొని విచారింతము.

పూనా మొదలు షోలాపురము, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్టణము వరకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారిని మన పాఠకులలో పెక్కురు చూచియే యుందురు. ఇందలి తూర్పుభాగపు దారి మిక్కిలి ప్రాచీనమైనది. గోలకొండ సుల్తానుల కాలమున వర్తకుల బండ్లు మచిలీపట్టణపు రేవునకు పోవుచు వచ్చుచు నుండెడివి. 1578లో మూసీనదిపై పురానాపూల్ వంతెన కట్టబడెను. 1591లో నదికి ఆవలియొడ్డున హైదరాబాదు స్థాపింపబడెను. అనగా దారియు, వంతెనయు ముందు, నగరము పిమ్మట. ఆ నగరమునకు తూర్పున హయత్‌నగరులో బాటసారులకై యొక సరాయి వెలసెను. ఆనాటి మజిలీ నేడు నగరములోని యొక పేట. నడుమనున్న చేలన్నియు ఇండ్లైనవి.

అయినను దారియున్నంతమాత్రమున ప్రతి యూరును వృద్ధిపొందునని తలపరాదు. మచిలీపట్టణము ఈ రహదారికి కొనయందే యున్నది. కాని రేవున ఇసుక మేటవేయుటయు, 1864లోని ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించుటయు, వర్తకము ఇతర రేవులకు మరలుటయు సంభవించి ఆ పట్టణము వెనుకబడెను. అదే కాలమున, ఒకనాడు చిన్న యూరైన బెజవాడకు 1855లో కృష్ణానదిపై ఆనకట్ట వచ్చెను. తరువాత రైలువంతెన వచ్చెను. పిదప మదరాసు, కలకత్తా రోడ్డును, హైదరాబాదు రోడ్డును అచ్చటనే కలిసెను. నీరు, రైలు, రోడ్డు ఒకచోట కూడినందున పంట సరకు అచ్చటికి చేరెను. సరకు వెంట లారీలు వచ్చెను. లారీలను మరమ్మతు చేయుటకై ఆటోనగరు వెలసెను. రోడ్డు కాలువవంటిది. కాలువ త్రవ్విన మాత్రమున పంట పండదు. పైన నీరును, క్రింద సాగుయోగ్యమైన నేలయు నుండవలయును.

ఇక నేటి రహదారులకును పూర్వపు రోడ్లకును గల యొక ముఖ్యభేదమును రైతు గుర్తింపవలయును. పాత రోడ్డుపై ఎచ్చటనైనను బండి ఎక్కింపవచ్చును, దింపవచ్చును. కావున రోడ్డు పొడవునను దుకాణములు వెలసి, ఊరు సన్నగా సాగుచు పెరిగెడిది. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల పొడవున నిర్మింపబడి 2018లో పూర్తియైన బాహ్య వలయ రహదారి అట్టిది కాదు. నియమించిన కూడళ్లయొద్ద తప్ప దానిపై ఎక్కుటకును దిగుటకును వీలులేదు. అందువలన కూడలికి దాపుననున్న భూమికి వెల మిక్కుటముగా పెరుగును. కూడలికి దూరమున రోడ్డునానుకొనియున్న చేనికి మోతయు, దుమ్మును దక్కవచ్చును. ఊరికిని పొలమునకును నడుమ కట్టవలె రోడ్డు లేచినచో, అవతలి చేనికి పశువులను తోలుకొనిపోవుటకు క్రిందిదారి వెదకుచు చుట్టు తిరుగవలసివచ్చును. కావున “రోడ్డు ఎంత దూరము?” అని మాత్రమే గాక, “కూడలి ఎచ్చట? క్రిందిదారి ఎచ్చట? వాననీరు పోవు తూములెన్ని?” అని అడుగుట వివేకము.

రోడ్డు వెంట వచ్చునవన్నియు మేలైనవియే కావు. ఈ రహదారిపైనే హైదరాబాదునకు పడమట పటాన్‌చెరువు ప్రాంతమున కర్మాగారములు బారులుతీరెను. అనేకులకు పనులు దొరకెను. కాని వాని మురుగునీరు వాగులలోను, చెరువులలోను, బావులలోను చేరి పంటలను పాడుచేసెను. ఆ సంగతి 1990లో సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి, దశాబ్దముల తరబడి విచారణలో నుండెను. భూమి అమ్ముకొన్నవాడు సొమ్ముతో వెడలిపోయెను; అమ్మక నిలిచినవాని బావి చెడెను.

మరి రైతు చేయదగినదేమి? దీనికి కొంత సమాధానము ఈ రహదారికి పడమటి కొననే గలదు. పూనా పొలిమేరలో, షోలాపురపు రోడ్డు చెంత, హడపసరు ప్రాంతమున మగర్‌పట్టా రైతులుండిరి. నగరము తమ చేలను మ్రింగనున్నదని వారు గ్రహించిరి. ఒక్కొక్కరు విడివిడిగా దళారులకమ్ముటకు మారుగా, నూరుకుపైగా కుటుంబములవారు సుమారు 400 ఎకరములను ఒకటిగా చేర్చి తామే కంపెనీగా ఏర్పడిరి. ఎవరి భూమి యెంతయో వారి వాటా అంత. 2000 ప్రాంతమున నిర్మాణము మొదలుపెట్టి, ఇండ్లును, కచేరీలును తామే కట్టించి లాభమును పంచుకొనిరి. పేరు కంపెనీయే యైనను, ఐకమత్యమే బలమను మన సహకార సూత్రమే అందు పనిచేసినది. వారి భూములు ఒక్కచో కలిసియుండుటయు, నగరము ముంగిటనే యుండుటయు వారికి కలిసివచ్చెను. అన్ని యూళ్లకును ఇది సాధ్యము కాదు. కాని విడివిడిగా అమ్మువాడు చౌకగా అమ్మునను నీతి అన్ని యూళ్లకును వర్తించును.

ప్రభుత్వమే జాతీయ రహదారికై భూమిని తీసికొనునపుడు చట్టమును తెలిసికొనుట అవసరము. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము ప్రకారము, ప్రకటన వెలువడిన 21 దినములలోపల ఆక్షేపణలు వ్రాతమూలకముగా దాఖలు చేయవలయును. పరిహారమును 2013 నాటి భూసేకరణ చట్టపు లెక్క ప్రకారము కట్టుదురు. అందు భూమివెలను నిర్ణయించుటకు, చేరువలో గడచిన మూడేండ్లలో రిజిస్టరైన విక్రయపత్రములను చూతురు. వానిలో హెచ్చు ధర గల సగము పత్రముల సగటును తీయుదురు. స్టాంపు శాఖవారి విలువ అంతకు హెచ్చైనచో దానినే గైకొందురు. గ్రామ ప్రాంతమున దానిని రెండు రెట్ల వరకు హెచ్చించి, దానికి చెట్లు, బావులు మున్నగువాని విలువను చేర్చి, ఆ మొత్తముపై నూటికి నూరు వంతున అదనపు పరిహారము కలుపుదురు. ఇచ్చట నొక సంగతి గమనింపుడు. స్టాంపు ఖర్చు తప్పించుకొనుటకై పత్రమున తక్కువ ధర వ్రాయించు అలవాటు మన గ్రామములలో గలదు. అట్లు వ్రాయించినవాడు తనకే గాక, ఇరుగుపొరుగు రైతులందరికిని రేపటి పరిహారమును తగ్గించినవాడగును.

కావున సోదరులారా, రోడ్డు వార్త వినినంతనే సర్వసభ్య సమావేశము జరుపుడు. పట్టా, పాసుపుస్తకములు, బావులు, చెట్లు, పైపులు సరిగా దాఖలా యైనవో లేవో చూచుకొనుడు. క్రిందిదారికిని, తూములకును గ్రామమంతయు నొక్కటిగా అర్జీ పెట్టుడు. చేతికి వచ్చిన సొమ్మును పెండ్లిండ్లకును, ఆడంబరములకును వెచ్చింపక, మొదట భూమికి మారుభూమి కొనుటకు వినియోగింపుడు. రోడ్డు రాకను మనమాపలేకపోవచ్చును. అది వచ్చునాటికి మనము ఒంటరులమై యుందుమో, సంఘమై యుందుమో, అది మాత్రము మన చేతిలోనిదే.