ఇంటికప్పు నీరు – పొరుగువారి హక్కు

అల్లాహ్ వర్షాన్ని ఒక పరిమాణంతో కురిపించి నేలలో నిలిపినట్లు దివ్య ఖుర్ఆన్ 'అల్ మూమినూన్' సూరా 18వ ఆయతు తెలుపుతున్నది. నేలలో ఇంకవలసిన ఆ నీటిని మనం సిమెంటు గచ్చుల మీదుగా వీధిలోకి తోసివేస్తున్నాము. అది చేరేది పల్లపు ఇండ్లకే. పరులకు హాని కలిగించరాదన్న దైవప్రవక్త (స) బోధ మన తూముకు కూడా వర్తించదా? ఇంటికప్పు తూము నీటి విషయాన్ని ఫిఖ్హ్ గ్రంథాలు ప్రత్యేకంగా చర్చించాయి.

నంద్యాలలో 2019 సెప్టెంబరు నాటి కుందూ వరద వంటి దానిని పీపాలు ఆపలేవు. సాధారణ వానకే వీధులు నిండటాన్ని మాత్రం తగ్గించవచ్చు.

100 చదరపు మీటర్ల మిద్దెపై ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్ల నీరు. 200 లీటర్ల పీపా రెండు మిల్లీమీటర్లకే నిండిపోతుంది! కనుక పొంగిన నీటికి నాలుగైదిండ్లవారు కలిసి ఒక వాన తోట, అనగా పల్లముగా తవ్వి మొక్కలు నాటిన మడి, ఏర్పరచుకోవాలి. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల నల్లరేగడి తడిస్తే ఉబ్బి నీటిని త్వరగా ఇంకనివ్వదు. అందుచేత అడుగున ఇసుక, కంకర పరచాలి. గోడలకు పది అడుగుల దూరముండాలి. నీరు ఒకటి రెండు రోజులలో ఇంకకపోతే దోమలు చేరతాయి. పీపా మూతికి సన్నని వల కట్టాలి.

విశాలమైన కప్పు గల మస్జిదుతోనే మొదలుపెట్టవచ్చు. వాన నీరు వుజూకు పనికివస్తుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వుజూలో వాడిన నీటితో తిరిగి వుజూ చెల్లదు గాని, ఆ నీటిని ఎండాకాలంలో ఇదే మడికి పారించవచ్చు.