బాసగూడ బాటలో ఆగిన జీపు

పార్లమెంటు సమావేశాలు ముగిసిన తరువాత రాజధానిలోని విలేకరికి కొంత తీరిక చిక్కుతుంది. ఆ తీరికలో, సభలో పేరు వినడమే తప్ప కంటితో చూడని బాసగూడకు వెళ్ళివచ్చాను. ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటి, భోపాలపట్నం మీదుగా బీజాపూర్ చేరితే అక్కడికి ఇంకా సుమారు 50 కిలోమీటర్లు. ఊరి ప్రక్కన పారే తాలిపేరు మన చర్ల మీదుగా వచ్చి గోదావరిలో కలిసే నదే.

తిరుగు ప్రయాణానికి ఒక పాత డీజిల్ జీపు దొరికింది. డ్రైవరు చర్ల వైపు మనిషి. వెనుక సీటులో జ్వరంతో మగతగా ఉన్న బిడ్డను ఒడిలో పెట్టుకుని ఒక తండ్రి కూర్చున్నాడు. బీజాపూర్ ఆసుపత్రికి తీసుకువెళుతున్నాడు. ఆవపల్లి ఇంకా రాలేదు. ఇంజను రెండు మూడుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. సూర్యుడు చెట్ల వెనుకకు దిగుతున్నాడు.

“బ్యాటరీ పోయిందేమో” అన్నాను, తెలిసినవానివలె.

“సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది గదా సార్, బ్యాటరీని అనడమెందుకు?” అన్నాడతను. సెల్ఫ్ మరల తిప్పమని ఒకరికి పురమాయించి, తాను వెనుకకు పోయి సైలెన్సర్ గొట్టాన్ని చూశాడు. పొగ లేదు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా డీజిల్ ఎక్కువవుతున్నదని అర్థం. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది. తెల్లపొగ అయితే డీజిల్ వచ్చినా సరిగా మండడం లేదు. ఏ పొగా లేదంటే డీజిలే అందడం లేదన్నమాట. ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు, డీజిల్ ఉన్నది. ఇక ట్యాంకుకూ ఇంజనుకూ నడుమ దారి వెదకాలి.

ఫిల్టరు మీది చిన్న స్క్రూను వదులు చేసి చేతిపంపు కొట్టాడు. నురుగుతో బుడగలు వచ్చాయి. ఎంత కొట్టినా ఆగలేదు. ఎక్కడో గాలి దూరుతోంది. పైపులన్నీ తడిమి చూశాను. ఎక్కడా చుక్క కారడం లేదు.

“కారదు సార్. పంపు నెట్టే వైపు పగిలితే బయటికి కారుతుంది. పంపు పీల్చే వైపు పగిలితే గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కంటికి కనపడదు” అన్నాడు.

ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు కొసన, క్లిప్పు క్రింద, వెంట్రుకవాసి చీలిక ఉన్నది. ఆ అంగుళం కోసివేసి, మిగిలిన కొసను ఎక్కించి క్లిప్పు బిగించాడు. బుడగలు ఆగేవరకు పంపు కొట్టి, నాజిల్ పైపుల నట్లు కొంచెం వదలి సెల్ఫ్ తిప్పించాడు. డీజిల్ చిమ్మగానే నట్లు బిగించాడు. ఇంజను అందుకుంది. ఒక్క కొత్త వస్తువు కొనలేదు. పట్టిన కాలం అరగంటకు లోపే.

ఢిల్లీలో నా మిత్రుని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు గుర్తుకు వచ్చింది. నాలుగైదు మైళ్ళు పోయి ఆగేది. కాసేపటికి తనంత తానే కదిలేది. ఒక వర్క్‌షాపువారు మొదట కాయిల్ మార్చారు, తరువాత పెట్రోలు పంపు, ఆ పైన కార్బురేటరు. బిల్లు పెరిగింది, రోగం తగ్గలేదు. చివరకు మరొకతను కారు ఆగినప్పుడు ప్లగ్గు తీసి నిప్పురవ్వ చూశాడు, బాగానే ఉన్నది. ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకుండే సన్నని గాలి రంధ్రం మట్టితో పూడిపోయింది. గాలి రాకపోతే పెట్రోలు ఎట్లా దిగుతుంది? రంధ్రాన్ని ఒక సూది తెరిచింది.

ఈ రెండింటి మధ్య వ్యత్యాసం పనివాని చేతిలో కాదు, ప్రశ్నల వరుసలో ఉన్నది. ఏది సరిగా ఉన్నదో ముందు తేల్చుకుంటే, చెడినది తానే బయటపడుతుంది. ఏ భాగాన్నీ పరీక్షించకుండా మార్చకూడదు.

రాజధానిలో బస్తరుకు చేసిన మరమ్మతుల్లో ఈ వరుస కనిపించలేదని చెప్పక తప్పదు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత బాసగూడ ప్రజలు ఇళ్ళు వదలి పోయారు, సంత మూతపడింది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చిచెప్పేసరికి ఆరేళ్ళు గడిచాయి. ఎక్కడ గాలి దూరుతున్నదో వెదకకుండా మనుషులనే మార్చజూచిన మరమ్మతు అది. కారని చోటనే పగులు ఉండవచ్చునన్న మాట ఏ స్థాయీసంఘం నివేదికలోనూ నేను చదవలేదు.

చీకటి పడిన తరువాత బీజాపూర్ చేరాము. ఆసుపత్రి వాకిట బిడ్డను దించుతూ ఆ తండ్రి డ్రైవరు చేతిలో నోటు పెట్టబోయాడు. “బిడ్డకు పాలు కొనుక్కో తమ్ముడూ” అని తోసివేశాడతను. మరునాడు ఉదయం నేను బయలుదేరే వేళకు బిడ్డ కళ్ళు తెరచి చూస్తున్నాడు. డ్రైవరు మాత్రం జీపు క్రింద దూరి, రెండవ కొసన ఉన్న క్లిప్పును కూడా పరీక్షిస్తున్నాడు.