‘లేదు’ ఎక్కడికి పోయింది? ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడినా మెసేజ్ తెగిపోతే…

మాది మచిలీపట్నం. తుపాను సీజన్‌లో పనికొస్తుందని చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద సి లాంగ్వేజ్‌లో ఒక అలర్ట్ ప్రోగ్రామ్ రాశాను. ఊరి పేరు, పరిస్థితి కలిపి ఫోన్‌కి నోటిఫికేషన్ పంపడమే దాని పని. ఇంగ్లిష్‌లో బాగానే నడిచింది. తర్వాత తెలుగులోకి మార్చి “దివిసీమకు ముప్పు లేదు” అని టెస్ట్ మెసేజ్ పంపాను. అమ్మమ్మ ఫోన్‌లో కనిపించింది మాత్రం “దివిసీమకు ముప్పు”!

అమ్మమ్మది అవనిగడ్డ. 1977 నవంబర్ 19 ఉప్పెన వేలమందిని మింగిన సీమ అది. ఆవిడ వెంటనే ఊళ్లో అందరికీ ఫోన్లు మొదలుపెట్టింది.

అసలేం జరిగింది?

నా బఫర్ 48 బైట్లు. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో హల్లు, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ‘ప్పు’ మనకి ఒకే అక్షరం, మెమరీలో మాత్రం 12 బైట్లు. లెక్క చూడండి: దివిసీమకు 27, ముప్పు 18, లేదు 12, స్పేస్‌లు 2. మొత్తం 59. చివర ముగింపు కోసం సున్నా బైట్ ఒకటి కలిపితే 60.

ఎస్‌ప్రింట్‌ఎఫ్ అయితే బఫర్ సైజు చూడకుండా మొత్తం రాసేసి, 12 బైట్లు పక్క మెమరీ మీద పోసేది. క్రాష్ కావచ్చు, హ్యాకర్‌కి దారి దొరకొచ్చు. సి99 స్టాండర్డ్‌లో వచ్చిన ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి సైజు చెప్తాం కాబట్టి 47 బైట్లు, చివర సున్నా రాసి ఆగింది. ఆ 47 సరిగ్గా ‘ముప్పు’ తర్వాతి స్పేస్ దగ్గర అయిపోయాయి! బఫర్ 50 అయితే ‘ల’ సగంలో తెగి చెత్త గుర్తు వచ్చేది, కనీసం అనుమానమైనా వచ్చేది.

మరి ఎలా పట్టుకోవాలి?

ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఎంత రాసిందో చెప్పదు, సున్నా బైట్ కాకుండా ఎంత రాయాల్సి ఉందో రిటర్న్ చేస్తుంది. నాకు 59 అనే చెప్పింది, నేనే చూడలేదు. రిటర్న్ వాల్యూ నెగటివ్ అయితే ఎర్రర్. బఫర్ సైజుకి సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉంటే మెసేజ్ తెగినట్టే.

ముందు నల్ పాయింటర్, సైజు 0 ఇచ్చి కాల్ చేస్తే కావాల్సిన పొడవు తెలుస్తుంది. దానికి 1 కలిపి మెమరీ తీసుకుని మళ్లీ రాయండి. అంత మెమరీ లేకపోతే ఆ మెసేజ్ పంపకుండా ఆపేయండి.

సైజు ఇచ్చాం కదా అని వదిలేయకండి. అది మెమరీని కాపాడుతుంది, అర్థాన్ని మాత్రం మనమే కాపాడుకోవాలి.