జాక్‌ని మళ్ళీ ఓడ ఎక్కనిస్తారా?

1997లో వచ్చిన 'టైటానిక్' మీరు ఎన్నిసార్లు చూశారు? పోనీ, లెక్క వద్దులెండి. ఈసారి చూసేటప్పుడు మాత్రం హీరో మొహం చూడకుండా అతను చేసిన పనులన్నీ ఓ కాగితం మీద రాయండి. పేకాటలో గెల్చుకున్న పరాయివాడి టికెట్ మీద ఓడెక్కాడు. మూడో తరగతి వాడు మొదటి తరగతి డెక్ మీద షికార్లు చేశాడు. అమ్మాయిని తీసుకెళ్ళి ఓడ ముందు కొసన రెయిలింగ్ మీద నిలబెట్టాడు. సామాన్ల గదిలో ఎవరిదో కారు తలుపు తీసి... సరే, అది వదిలేద్దాం. మనకది ప్రేమ. ఓడ కంపెనీ వాళ్ళకి మాత్రం నాలుగు వేరువేరు నేరాలు! ఇవాళ్టి విహార నౌకలో అయితే ఒడ్డు చేరగానే చేతికో కాగితం ఇచ్చి, "బాబూ, ఇంక మా ఓడల వైపు రాకు" అనేవాళ్ళు.

నిజంగా అనగలరా? డబ్బు పెట్టి టికెట్ కొనుక్కునేవాణ్ణి రావద్దనే హక్కు కంపెనీకి ఉందా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా పెద్దక్క కొడుకు హ్యూస్టన్‌లో ఉంటాడు. ఆ దగ్గర్లోనే గాల్వెస్టన్ రేవు. అక్కణ్ణించి మెక్సికో వైపు విహార నౌకలు వెళ్తుంటాయి. కిందటి నెల ఓ రోజు తెల్లవారుజామునే ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఓడవాళ్ళు మనిషిని జన్మలో మళ్ళీ ఎక్కనివ్వం అనొచ్చా?"

"ఏం చేశావురా?"

"నేను కాదు మామయ్యా, నా ఫ్రెండు!"

(ఈ 'ఫ్రెండు' అనే మాట నలభై ఏళ్ళుగా వింటున్నాను కాబట్టి కాస్త అనుమానించాను. కానీ నిజంగానే ఫ్రెండు.)

సంగతేమిటంటే, ఈత కొలను పక్కన కుర్చీల మీద పొద్దున్నే తువ్వాళ్ళు పరిచి వెళ్ళిపోయారట కొందరు. మన బస్సుల్లో కిటికీలోంచి జేబురుమాలు వేసి సీటు పట్టడం లేదూ, అదే విద్య! ఇంకొకళ్ళు వచ్చి ఆ తువ్వాళ్ళు తీసేశారు. మాటా మాటా పెరిగింది, తోపులాట అయింది. విడదీయబోయిన మనవాడి పేరు కూడా సెక్యూరిటీ వాళ్ళు రాసుకున్నారు. ఇంటికి చేరిన పది రోజులకి ఉత్తరం వచ్చింది, మా ఓడల్లో మీకింక చోటు లేదని. వచ్చే డిసెంబరులో వాళ్ళ మామగారి షష్టిపూర్తి. అదే కంపెనీ ఓడలో పధ్నాలుగు మందికి టికెట్లు కొని ఉన్నాయి. వాటిలో అల్లుడిగారి టికెట్టే చెల్లదు! అదీ కథ.

టికెట్ వెనక చిన్న అక్షరాలు

నేను తెలుసుకున్నంతలో జవాబు ఒక్క మాటే. అనొచ్చు. విహార నౌక టికెట్ అంటే సినిమా టికెట్ లాంటి చీటీ ముక్క కాదు, అదొక ఒప్పందం. అందులో మీరెలా నడుచుకోవాలో ఉంటుంది, నడుచుకోకపోతే దారిలో దింపేయవచ్చని ఉంటుంది, మళ్ళీ రానివ్వకపోవచ్చనీ ఉంటుంది. కార్నివాల్ వారి ఓడలో గది బాల్కనీలో సిగరెట్ కాలిస్తే 500 డాలర్ల జరిమానా. గంజాయి దొరికిందా, ఇంటిదారే కాదు, ఆ ఓడల దారి కూడా మూసుకుపోయినట్టే.

"ఎవరు చదువుతారు సార్ అవన్నీ?" అంటారేమో. చదవకపోయినా కట్టుబడాల్సిందే. వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు కార్నివాల్ ఓడలో మెక్సికో తీరం వైపు వెళ్ళారు. ఓడ వంటశాల చూపిస్తుంటే ఆవిడ జారిపడింది. సొంత ఊరి దగ్గర దావా వేశారు. కంపెనీ టికెట్ చూపించింది, తగాదా ఏదైనా ఫ్లోరిడా కోర్టుల్లోనే తేల్చుకోవాలని అచ్చయి ఉంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా కంపెనీ మాటే నిలబెట్టింది.

అలాగని కంపెనీకి అన్ని హక్కులూ లేవు. జాతిని చూసో, అంగవైకల్యం చూసో తోసిపుచ్చితే చెల్లదు. ఓడ మీద ఏ దేశం జెండా ఎగిరినా, అమెరికా రేవుకి వచ్చే ఓడలకి వికలాంగుల చట్టం వర్తిస్తుందని 2005లో అదే కోర్టు చెప్పింది. ప్రవర్తన చూసి వద్దంటే మాత్రం అడిగేవాడు దాదాపు లేడు.

పదకొండో అంతస్తు నుంచి...

ఈ నిషేధాలకి అసలు పేరు తెచ్చింది 2019. ఆ జనవరిలో 'సింఫనీ ఆఫ్ ది సీస్' నసావు రేవులో ఆగి ఉంది. మామూలు ఓడ కాదండోయ్, 361 మీటర్ల పొడవు, పూర్తిగా నిండితే 6,680 మంది ప్రయాణికులు! రాత్రి తాగిన మత్తు దిగని 27 ఏళ్ళ కుర్రాడు పదకొండో అంతస్తు బాల్కనీ ఎక్కి నీళ్ళలోకి దూకేశాడు. స్నేహితులు నవ్వుతూ వీడియో తీశారు. బతికాడు. పడవవాళ్ళు ఒడ్డుకి చేర్చారు. కంపెనీ అతన్నీ స్నేహితుల్నీ అక్కడే దింపేసి, ఇంటికెలా వెళ్తారో మీరే చూసుకోండి అంది. అతనికి జీవితాంతం నిషేధం. అదే ఏడాది అక్టోబరులో 'అల్యూర్ ఆఫ్ ది సీస్'లో ఒకమ్మాయి ఫోటో కోసం బాల్కనీ రెయిలింగ్ మీద నిలబడింది. పక్క బాల్కనీ నుంచి చూసినవాళ్ళు చెప్పేశారు. ఆవిడకీ జీవితాంతమే.

నాకు వీళ్ళమీద జాలి లేదు. సినిమాలో హీరో దూకితే కింద వల ఉంటుంది, పక్కన డూపు ఉంటాడు. నడిసముద్రంలో అంత ఓడ బ్రేకు వేస్తే ఆగేది కాదు. మనిషి పడిపోయాడంటే పెద్ద చుట్టు తిరిగి వెనక్కి రావాలి, పడవలు దింపాలి, చీకట్లో ఆ నీళ్ళలో తల కోసం వెతకాలి. ఆ వెతికేవాళ్ళూ ఎవరో తల్లి కన్నబిడ్డలే. నెలల తరబడి ఇల్లు వదిలి ఓడల్లో గదులు తుడిచేవాళ్ళలో, వడ్డించేవాళ్ళలో మన గోవా, కేరళ కుర్రాళ్ళు ఎంతోమంది. తాగినవాడు తిట్టినా తిరిగి ఒక్క మాట అనలేని ఉద్యోగం. 2018 ఫిబ్రవరిలో 'కార్నివాల్ లెజెండ్' మీద కొట్లాటలు ముదిరి, 23 మందిని ఆస్ట్రేలియాలోని ఈడెన్ దగ్గర దింపేయాల్సి వచ్చింది. పోలీస్ స్టేషన్ పక్కవీధిలో ఉండని చోట ఇంకేం చేస్తారు?

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. నిర్ణయించేది ఎవరు? ఫిర్యాదీ కంపెనీయే, సాక్షి కంపెనీయే, జడ్జీ కంపెనీయే! మన విమానాల సంగతి చూడండి. 2017 జూన్‌లో విశాఖ విమానాశ్రయంలో అనంతపురం ఎం.పీ. గారొకరు ఆలస్యంగా వచ్చి రభస చేస్తే, విమాన కంపెనీలు వరసబెట్టి ఆయన్ని ఎక్కించుకోమన్నాయి. నెల తిరిగేసరికి ఎత్తేశాయి. అదే సెప్టెంబరులో ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. నోటి దురుసుకి మూడు నెలలు, చెయ్యి చేసుకుంటే ఆరు నెలలు, ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళు, ఆపైన. తేల్చేది రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడుగా ఉన్న కమిటీ. కాదంటే అప్పీలుంది. ఓడలకి అలాంటి కమిటీ ఏదీ? 2022 జూన్‌లో విశాఖకి 'ఎంప్రెస్' వచ్చింది, 2023లో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. రేపు మీరూ ఎక్కుతారు కాబట్టి అడుగుతున్నాను.

నాకు ఈ బాధ తెలుసు. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టికెట్టు నాది. పదమూడేళ్ళు. ఓరోజు ఎవడో ప్రొజెక్టరు వెలుగులోకి గుప్పెడు ఇసుక జల్లాడు. అది వెళ్ళి బెంచీ వాళ్ళ నెత్తిన పడింది. గేటు దగ్గర తాత మా ముగ్గుర్నీ చెవులు పట్టి లాక్కొచ్చి, "మీ మొహాలు మళ్ళీ ఇక్కడ కనపడకూడదు" అన్నాడు. జల్లింది నేను కాదు. మూడు వారాలు డేరా బయట నిలబడి డైలాగులు విన్నాను. పాట వస్తే జనం ఈలలు వినపడేవి, హీరోయిన్ చీర రంగు మాత్రం తెలిసేది కాదు! నాలుగో వారం తాతే పిలిచాడు.

"ఇసుక జల్లింది నువ్వేనా?"

"కాదు తాతా."

"మరెవరు?"

చెప్పలేదు. నా మొహంలోకి కాసేపు చూశాడు. తాడు పైకెత్తాడు.

ఓడ కంపెనీలో ఆ తాత ఉండడు గదా! పేరు కంప్యూటర్లో ఉంటుంది. అందుకని మా మేనల్లుడి ఫ్రెండుతో నేనే మాట్లాడాను.

"ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదా బాబూ?"

కాసేపు నిశ్శబ్దం. "ఒకటి తగిలింది అంకుల్. కావాలని కాదు."

అదికూడా రాయమన్నాను. తేదీ, టైము, గది నంబరు రాసి, కొలను దగ్గర కెమెరాలో ఏముందో ఒకసారి చూడమని, జీవితాంతం కాకుండా ఏదో ఒక గడువు పెట్టమని మర్యాదగా అడగమన్నాను. వేరే కంపెనీలో వెళ్ళొచ్చు, నిజమే. ఎవరి జాబితా వాళ్ళదే. కాకపోతే ఒకే యజమాని కింద నాలుగైదు పేర్లుంటాయి, కార్నివాల్ వారివే ప్రిన్సెస్, కునార్డ్, కోస్టా. ఏది ఎవరిదో చూసి కొనుక్కోవాలి.

మామగారు మాత్రం అల్లుడు లేకుండా ఓడెక్కనని కూర్చున్నారట. ఉత్తరం పంపి పద్దెనిమిది రోజులైంది. నిన్న కూడా మావాడు ఫోన్ చేశాడు. ఇంకా జవాబు రాలేదు.