కారుచున్న షవరు కొళాయి: ఇంటనే మరమ్మతు

స్నానపుగదిలో షవరు కట్టివేసిన తరువాత కొంతసేపు చుక్కలు రాలుట సహజము. అవి జల్లెడలో నిలిచిన నీరు. గంట గడచినను అవి ఆగనిచో కొళాయిలో లోపమున్నదని గ్రహింపవలెను. సెకనుకు ఒక్క బొట్టు చొప్పున రాలినను దినమునకు 86,400 బొట్లగును. అది సుమారు 20 లీటర్ల నీరు. మోటారుతో మిద్దెపై తొట్టికి ఎక్కించిన నీరైనచో దానితోపాటు విద్యుత్తును వ్యర్థమగుచున్నది.

కారుట ఆగవలెనని పలువురు పిడిని బలముకొలది బిగింతురు. కీడంతయు ఇందే యున్నది. పిడిని త్రిప్పినప్పుడు లోని ఇరుసు దిగి, దాని కొననున్న రబ్బరు వాషరును ఇత్తడి పీఠముపై అదిమి నీటిని ఆపును. అతిగా బిగించినచో వాషరు నలిగి తెగును. పిదప పీఠమునకు గాటుపడును. కొలది రూపాయల వాషరుతో తీరవలసిన పని గోడ పగులగొట్టి కొళాయినే మార్చువరకు వచ్చును.

మరమ్మతునకు ముందు తొట్టినుండి వచ్చు గొట్టపు వాల్వును కట్టి, వేడినీటి కొళాయియైనచో గీజరు స్విచ్చిని ఆర్పవలెను. షవరు తెరచి మిగిలిన నీటిని పోనిచ్చి, మరలు జారిపోకుండ తూమును గుడ్డతో మూయవలెను. పిడి మరను విప్పి పిడిని, గోడనంటియున్న బిళ్లను తీసి, పెద్ద నట్టును పానాతో ఎడమకు త్రిప్పినచో ఇరుసు వెలికి వచ్చును. పాత వాషరును దుకాణమునకు కొనిపోయి అదే కొలతది తేవలెను. పీఠముపై ఉప్పు పేరినచో నిమ్మరసపు గుడ్డతో తుడువవలెను. వ్రేలికి గాటు తగిలినచో పనివానిని పిలుచుట మేలు.

తెరచినప్పుడు పిడి మొదట నీరు చెమర్చినచో దోషము వాషరుది కాదు. ఇరుసు చుట్టునున్న చిన్న నట్టును పావుచుట్టు బిగించి చూడవలెను. అప్పటికిని ఆగనిచో నీటిని కట్టి, ఆ నట్టు క్రింద గ్రీజు రాచిన నూలుదారము గాని టెఫ్లాన్ టేపు గాని చుట్టి మరల బిగింపవలెను.

పావుచుట్టుకే తెరచుకొను నేటి కొళాయిలలో ఈ వాషరుండదు. పింగాణి బిళ్లలు గల కార్ట్రిడ్జి యుండును. అది చెడినచో అదే కొలతది మొత్తముగ మార్చవలెను.

పని ముగిసిన పిదప పిడిని సగము తెరచియుంచి, వాల్వును మెల్లగా విప్పినచో గొట్టములోని గాలి వెడలిపోవును. అటుపై కొళాయిని చేతివ్రేళ్ల బలముతోనే కట్టవలెను. ఇంటిలోని పిల్లలకు ఈ తేలికచేతిని నేర్పినచో క్రొత్త వాషరు చిరకాలము మన్నును.